శవయాత్ర ఎందుకు పరుగెత్తింది?

1910 మే 20న లండన్‌లో ఏడో ఎడ్వర్డ్ రాజు అంతిమయాత్ర జరిగింది. ఫిరంగి బండి మీద శవపేటిక. దాని వెనక రౌతు లేని రాజుగారి గుర్రం, ఆయన పెంచుకున్న సీజర్ అనే కుక్క. ఆ వెనక గుర్రాల మీద తొమ్మిదిమంది రాజులు: కొడుకు ఐదో జార్జి, జర్మనీ కైజర్ రెండో విల్హెల్మ్, డెన్మార్క్, నార్వే, గ్రీస్, స్పెయిన్, పోర్చుగల్, బెల్జియం, బల్గేరియా ఏలికలు. ఇంతమంది కిరీటధారులు ఒకే వీధిలో సాగిన ఆ రోజును దారి పొడుగునా కెమెరాలు నిలబెట్టి తీశారు.

ఆ ఫిలింలు ఇప్పటికీ ఉన్నాయి. సరిచేయని ప్రతిని ఆడించి చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. సైనికులు టకటకా అడుగులేస్తుంటారు. గుర్రాలు తల ఎగరేస్తూ తొందరపడతాయి. ఫిరంగి బండి ఇలా వచ్చి అలా దాటిపోతుంది. పోయిన మనిషిని ఎంత త్వరగా సాగనంపుదామా అని ఆత్రపడుతున్నట్టుంటుంది ఆ ఊరేగింపు.

పాడె అలా నడవదని పాయకరావుపేటలో ఎవరిని అడిగినా చెబుతారు. ఇటు పేట, అటు తుని, మధ్యలో తాండవ నది. ఈ ప్రాంతంలో శవయాత్ర డప్పుల దరువుకు అడుగు కలుపుకుంటూ సాగుతుంది. మోసే నలుగురి అడుగులూ కలవాలి, లేకపోతే పాడె ఊగుతుంది. దారిలో పేలాలు, చిల్లర డబ్బులు చల్లుతారు. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, పోయినవారి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలకరనే నమ్మకం కుదిరాకే మళ్ళీ ఎత్తుతారు. ఆ నడకకు ఒక వేగం ఉంది. గౌరవం ఆ వేగంలోనే ఉంది.

లండన్‌లోనూ అంతే. అక్కడి సైన్యంలో శోకయాత్ర నడక వేరు, మామూలు కవాతు వేరు. 2022లో రెండో ఎలిజబెత్ రాణి అంతిమయాత్రలో నిమిషానికి 75 అడుగుల చొప్పున నడిచారు. మామూలు కవాతులో నిమిషానికి 116 నుంచి 120 అడుగులు పడతాయి. మరి 1910 నాటి ఫిలింలో కనిపించే తొందర ఎక్కణ్ణుంచి వచ్చింది? నిజానికి ఆ రీలులో తొందర లేదు. తర్వాతి కాలంలో మనం కలిపాం. కలిపింది మనమే కాబట్టి తీసెయ్యడమూ మన చేతిలో పనే.

ఆనాటి కెమెరాకు మోటారు లేదు. మూడుకాళ్ళ స్టాండు మీద చెక్కపెట్టె, పక్కన ఒక పిడి. పిడి ఒక చుట్టు తిప్పితే ఎనిమిది బొమ్మలు పడతాయి. సెకనుకు రెండు చుట్లు తిప్పడం వాడుక కాబట్టి సెకనుకు 16 బొమ్మలు. 35 మిల్లీమీటర్ల ఫిలింలో ఒక అడుగు పొడవున సరిగ్గా 16 బొమ్మలు పడతాయి. అంటే సెకనుకు ఒక అడుగు ఫిలిం ఖర్చు. వెయ్యి అడుగుల రీలుకు వెయ్యి సెకన్లు, 16 నిమిషాల 40 సెకన్లు. వేగం చెడకుండా ఉండటానికి కెమెరామెన్ మనసులో ఏదో ఒక కవాతు పాట పాడుకుంటూ తిప్పేవాళ్ళు. చెయ్యి మనిషిది, కాబట్టి కొలత ఎప్పుడూ ఒక్కలా ఉండదు. వెలుతురు చాలని రోజున ప్రతి బొమ్మకూ కాస్త ఎక్కువ కాంతి తగలాలని నెమ్మదిగా తిప్పేవాళ్ళు. ఫిలిం ఖరీదైనది, దాన్ని పొదుపు చేయడానికీ నెమ్మదించేవాళ్ళు. అందుకే ఆ కాలపు రీళ్ళలో సెకనుకు 12 బొమ్మలున్నవీ ఉన్నాయి, 18 ఉన్నవీ ఉన్నాయి.

తర్వాత సినిమాకు మాట వచ్చింది. ధ్వనిని ఫిలిం అంచున గీతలుగా ముద్రించినప్పుడు వేగం కొంచెం మారినా గొంతు మారిపోతుంది. ఇక చేతిని నమ్ముకుంటే కుదరదు. మోటారు వచ్చింది, సెకనుకు 24 బొమ్మలు అనే కట్టుబాటు వచ్చింది. 1930ల మొదట్లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర మాట్లాడటం మొదలుపెట్టేసరికి ప్రపంచమంతా ఆ లెక్కకు మారిపోతోంది. సెకనుకు 16 చొప్పున తీసిన పాత రీలును ఈ కొత్త యంత్రంలో పెడితే సెకనుకు 24 చొప్పున పరుగెడుతుంది. అంటే ఒకటిన్నర రెట్లు. పది నిమిషాల ఊరేగింపు ఆరు నిమిషాల 40 సెకన్లలో ముగుస్తుంది. నిమిషానికి 75 అడుగుల శోకయాత్ర నడక 112 దాటుతుంది, దాదాపు మామూలు కవాతుతో సమానం. ఒక్క గుణకారం చాలు, అంత్యక్రియలు పరేడ్ అయిపోతాయి.

ఈ తప్పు మూకీల కాలం ప్రేక్షకుడు చూసింది కాదు. అప్పుడు ప్రొజెక్టర్‌నూ చాలావరకు చేత్తోనే తిప్పేవాళ్ళు. తెర మీద శవయాత్ర నడుస్తుంటే తిప్పేవాడికి కనబడుతుంది. తొందరగా ఉందనిపిస్తే చెయ్యి నెమ్మదిస్తాడు. కెమెరా దగ్గర ఒక చెయ్యి, ప్రొజెక్టర్ దగ్గర ఒక చెయ్యి, రెండూ కలిసి వేగాన్ని నిర్ణయించేవి. మోటారు రాగానే రెండో చెయ్యి పోయింది. అలాగని ఆ చెయ్యి ఎప్పుడూ న్యాయంగా తిరిగిందనీ కాదు. రోజుకు ఇంకో ఆట పడుతుందని గబగబా తిప్పించిన హాళ్ళ యజమానులూ ఉన్నారు. మూకీలకు సరైన వేగం ఏదన్న ప్రశ్నను బ్రిటిష్ చలనచిత్ర చరిత్రకారుడు కెవిన్ బ్రౌన్‌లో 1980లో ఒక వ్యాసంలో లోతుగా చర్చించాడు. తీసిన వేగం, చూపించిన వేగం ఎప్పుడూ ఒకటే కాదని ఆయన చూపించాడు. కథాచిత్రాల సంగతి అలా ఉంటే ఉండొచ్చు. వార్తా చిత్రం, అందులోనూ అంతిమయాత్ర విషయంలో నా పక్షం స్పష్టం: నడిచిన మనుషుల వేగమే సరైన వేగం.

తెలుగువాళ్ళ దగ్గరికి కదిలే బొమ్మలు చేరిన దారి కూడా ఇలాంటి చేతుల మీదుగానే సాగింది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో స్టూడియోను తాకట్టు పెట్టి, ఫ్రాన్సుకు చెందిన గోమాంట్ కంపెనీ తయారుచేసిన క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని తెప్పించాడు. ధర 30,000 రూపాయలు. బొమ్మతో పాటు గ్రామఫోను రికార్డును జతచేసి తిప్పే యంత్రమది. మద్రాసులో విక్టోరియా పబ్లిక్ హాలులో ఆటలు వేశాడు. తర్వాత గుడారం కట్టుకుని ఊరూరా తిరిగాడు, రంగూన్ దాకా వెళ్ళాడు. ఆపైన మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. తెలుగు సినిమాకు పితామహుడని ఆయన్ని ఊరికే అనలేదు. అలా తిరిగే ప్రదర్శకులకు కోస్తాలో రైలే ఆధారం. 1890ల్లో వేసిన తూర్పుతీర రైలుమార్గం తుని మీదుగా పోతుంది. పాయకరావుపేటకు ఆ స్టేషను నది దాటితే వచ్చేస్తుంది. యంత్రం, గుడారం, రీళ్ళ పెట్టెలు రైల్లో దిగితే చుట్టుపక్కల ఊళ్ళ జనానికి ప్రపంచం దిగినట్టే. సముద్రాలకు అవతల రాజులు ఎలా ఉంటారో, ఎలా పోతారో ఈ ప్రాంతపు మనిషి కళ్ళారా చూడగలిగింది ఆ కాలంలోనే.

వాటిని మనం మూకీలంటాం, కానీ చూపించేటప్పుడు గుడారం మూగగా ఉండేది కాదు. యూరప్‌లో పియానో, పెద్ద హాళ్ళలో వాద్యబృందం. మన దగ్గర హార్మోనియం, తబలా. తెర పక్కన ఒకడు నిలబడి బొమ్మల మధ్య వచ్చే ఇంగ్లిషు రాతను తెలుగులో చదివి, వివరించి చెప్పేవాడు. శవయాత్ర బొమ్మకు లండన్ హాళ్ళలో షోపాన్ శోకగీతమో, హాండెల్ రాసిన ‘సాల్’లోని శవయాత్రా సంగీతమో వాయించేవాళ్ళు. ఆ సంగీతానికి నెమ్మది లయ ఉంటుంది. తెర మీద అడుగులు ఆ లయతో కలవకపోతే వెంటనే తెలిసిపోతుంది కాబట్టి, సంగీతం కూడా వేగాన్ని కట్టడి చేసే పనిముట్టే. ఈ రోజు మనం చూసేటప్పుడు ఆ పనిముట్టూ లేదు.

శబ్దం మాట వచ్చింది కాబట్టి ఒక సంఘటన చెప్పాలి. విక్టోరియా రాణి 1901 జనవరి 22న పోయింది. ఫిబ్రవరి 2న ఆమె శవయాత్ర లండన్ వీధుల్లో సాగింది. విక్టోరియా స్టేషన్ దగ్గర కెమెరా పెట్టుకున్నవాళ్ళలో సెసిల్ హెప్‌వర్త్ ఒకడు. జనమంతా ఊపిరి బిగబట్టిన ఆ నిశ్శబ్దంలో తన కెమెరా పళ్ళచక్రాల మోత భరించలేనంత పెద్దగా వినిపించిందని, పక్కన గుర్రం మీద వస్తున్న కొత్త రాజు ఎడ్వర్డ్ అది విని, రాబోయే తరాలకు బొమ్మ దక్కాలని ఊరేగింపును ఒక క్షణం ఆపించాడని హెప్‌వర్త్ ఆ తర్వాత 50 ఏళ్ళకు తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ క్షణంలో లండన్ వీధిలో నిశ్శబ్దాన్ని కదిలించింది మూకీ కెమెరా ఒక్కటే. ఆ మోత మాత్రం రీలుకు ఎక్కలేదు.

అదే రోజు విండ్సర్‌లో ఇంకొకటి జరిగింది. చలిలో చాలాసేపు నిలబడ్డ గుర్రాలు బెదిరి బండి పట్టెడ తెంచుకున్నాయి. అప్పటికప్పుడు నావికులు తాళ్ళు పట్టుకుని ఫిరంగి బండిని లాగారు. ఆ రోజు అవసరానికి చేసింది తర్వాత ఆచారమైపోయింది. 2022లో కూడా ఎలిజబెత్ రాణి శవపేటికను నావికులే లాగారు.

అసలు సెకనుకు 16 నిలకడ బొమ్మలు ఒక నడకగా ఎలా కనిపిస్తాయి? కంటి రెటీనా మీద బొమ్మ కొంతసేపు నిలుస్తుందని, అందుకే బొమ్మలు కలిసిపోతాయని బడిలో చెప్పుకుంటాం. అది సగం మాటే. బొమ్మలు నిజంగా నిలిచి ఒకదాని మీద ఒకటి పడితే కనబడేది నడక కాదు, అలుక్కుపోయిన మరక. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనోవిజ్ఞాని చేసిన ప్రయోగాలు అసలు పని మెదడుదని తేల్చాయి. కొద్ది దూరంలో రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి తగిన వ్యవధిలో చూపిస్తే, ఒకే గీత ఇక్కణ్ణుంచి అక్కడికి కదిలిందని మనకు తోస్తుంది. మధ్యలో లేని కదలికను మెదడే పూరిస్తుంది. రెండు బొమ్మల్లో ఏది దేనికి జత అని వెతికేటప్పుడు దగ్గరలో ఉన్నదానితోనే జతకడుతుంది.

ఈ కోణంలో చూస్తే మూకీ కెమెరాకు శవయాత్ర కంటే అనువైన విషయం లేదు. లెక్క వేద్దాం. నిమిషానికి 75 అడుగులు, అడుగుకు 75 సెంటీమీటర్లు అనుకుంటే సెకనుకు దాదాపు 94 సెంటీమీటర్లు. రెండు బొమ్మల మధ్య మనిషి కదిలేది ఆరు సెంటీమీటర్లలోపే. వెనక వరసలో సైనికుడు మీటరుకు పైగా దూరంలో ఉంటాడు కాబట్టి మెదడు పొరబడదు. షట్టర్ సగం సేపు తెరిచి ఉంటే ఒక్కో బొమ్మకు వెలుగు తగిలేది సెకనులో 32వ వంతు. ఆ కాస్తలో మనిషి మూడు సెంటీమీటర్లు జరుగుతాడు, బొమ్మ అలుక్కుపోదు. అదే వేగంగా దౌడు తీసే గుర్రమైతే ఇవన్నీ తలకిందులవుతాయి. కెమెరాను వీధికి అడ్డంగా చూసేలా కాకుండా ఏటవాలుగా పెట్టడం వెనక కూడా ఈ తెలివే ఉంది. ఎదురుగా వస్తున్నవాడు బొమ్మలో పక్కకు తక్కువ జరుగుతాడు.

తెర మినుకుమనడం వేరే చిక్కు. ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చేటప్పుడు షట్టర్ రెక్క వెలుగును కప్పాలి. సెకనుకు 16 సార్లు చీకటి పడితే కళ్ళు నొప్పెడతాయి. సెకనుకు 48 సార్లకు చేరితే చాలావరకు తెలియదు. అందుకని మూడు రెక్కల షట్టర్ పెట్టి ఒక్కో బొమ్మనూ మూడేసి సార్లు మెరిపించారు. మూడు పదహార్లు 48. ఇప్పటి 24 లెక్కకు రెండు రెక్కలు చాలు, అదీ 48కే వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాత రీలు చేతికి వచ్చింది. ఎంత వేగంతో తీశారో పెట్టె మీద రాసి లేదు. కనుక్కోవడం ఎలా?

మొదటి సాక్ష్యం ఫిరంగి బండి చక్రం. మీటరున్నర ఎత్తు, 12 ఆకులు ఉన్న చక్రం అనుకుందాం. ఆకుకు ఆకుకు మధ్య 30 డిగ్రీలు. మనం వేసుకున్న నడకలో ఒక్కో బొమ్మకు చక్రం తిరిగేది నాలుగున్నర డిగ్రీలు. 15 డిగ్రీలు దాటితేనే చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడటం మొదలవుతుంది, 30కి చేరితే ఆగిపోయినట్టు కనబడుతుంది. సెకనుకు 16 బొమ్మల కెమెరాలో అలా ఆగినట్టు కనబడాలంటే బండి గంటకు 22 కిలోమీటర్ల పైన పోవాలి. ఈ కోణం రీలు మీద పడిపోయిన కొలత. ప్రొజెక్టర్‌ను ఎంత వేగంగా తిప్పినా అది మారదు. చక్రం ముందుకే, కొంచెం కొంచెంగా తిరుగుతోందంటే బండి నెమ్మదిగా నడిచిందని ఒప్పుకోవాల్సిందే. ఒకటిన్నర రెట్లు పరుగెత్తే ప్రతిలో కూడా ఆ నెమ్మది అలాగే దాగి ఉంది.

అయితే చక్రం బొమ్మకు ఎంత దూరమో చెబుతుంది గాని, సెకనుకు ఎన్ని బొమ్మలో చెప్పదు. దానికి గడియారం కావాలి. ఏ ఫిలింలోనైనా ఉండే గడియారం భూమ్యాకర్షణ. లండన్‌కూ పాయకరావుపేటకూ అందులో చెప్పుకోదగ్గ తేడా లేదు. జానెడు పొడవున వేలాడే కుచ్చు ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఇది లోలకం సూత్రం: పొడవు తెలిస్తే ఊపు కాలం తెలుస్తుంది, బరువుతో పని లేదు. అంటే గుర్రం జీనుకో, కత్తి ఒరకో జానెడు కుచ్చు వేలాడుతుంటే, ఒక ఊపుకు ఎన్ని బొమ్మలు పట్టాయో లెక్కపెడితే చాలు. 16 వస్తే సెకనుకు 16. 13 వస్తే కెమెరామన్ చెయ్యి నెమ్మదించిందన్నమాట. గాలి వీచినా, గుర్రం కదిలినా ఊపు చెదురుతుంది కాబట్టి ఒక్కదానితో తేల్చకుండా పదిచోట్ల చూసి సగటు తీయాలి.

మన శవయాత్రల్లో ఇంకా మంచి గడియారం ఉంది, చల్లే చిల్లర. చేతి మీద నుంచి ఒక మీటరు ఎత్తుకు ఎగిరిన రూపాయి బిళ్ళ మళ్ళీ అదే ఎత్తుకు దిగడానికి సెకనులో పదింట తొమ్మిది వంతులు పడుతుంది. సెకనుకు 16 బొమ్మల ఫిలిం అయితే 14 బొమ్మలు, 24 అయితే దాదాపు 22. పేలాలు, పూరేకులు మాత్రం ఈ లెక్కకు పనికిరావు. వాటిని గాలి ఆపుతుంది, తేలుతూ పడతాయి. బిళ్ళను నమ్మాలి, పేలాన్ని నమ్మకూడదు.

వేగం సరిచేసినా చూపు సరికాదు, రంగు ఇంకో మోసం చేస్తుంది. ఆ కాలపు మామూలు ఫిలిం నీలానికి బాగా, ఆకుపచ్చకు కొంత స్పందించేది. ఎరుపు దానికి కనబడదు. 1920ల నడుమ నుంచి అన్ని రంగులనూ గుర్తించే ఫిలిం వాడుకలోకి వచ్చేదాకా ఎరుపంటే నలుపే. ఎర్రకోటు వేసుకున్న సైనికుడు నల్లకోటు సైనికుడవుతాడు. జెండాలో ఎరుపు నల్లబడుతుంది, నీలాకాశం వెల్లగా పాలిపోతుంది. పాత శవయాత్రా చిత్రాల్లో ఊరంతా నలుపు కట్టినట్టు కనబడటంలో కొంత నిజంగా సంతాపానిది, కొంత రసాయనానిది. ఇదే ఫిలింతో మన పాడెను తీసి ఉంటే కుంకుమ నల్లటి మరకగా, బంతిపూల దండలు చీకటి ముద్దలుగా పడేవి.

రంగును పట్టుకునే ప్రయత్నం కూడా అదే 1910 శవయాత్రలో జరిగింది. బ్రైటన్‌కు చెందిన జార్జి ఆల్బర్ట్ స్మిత్ 1906లో పేటెంటు పొందిన కైనెమాకలర్ పద్ధతిని చార్లెస్ అర్బన్ వ్యాపారంగా మలిచాడు. ఎర్రటి గాజు, ఆకుపచ్చ గాజు ఉన్న చక్రం కెమెరాలో తిరుగుతుంది. ఒక బొమ్మ ఎరుపు గాజు గుండా, తర్వాతి బొమ్మ ఆకుపచ్చ గుండా పడతాయి. చూపించేటప్పుడూ అలాగే తిప్పితే మెదడు రెంటినీ కలుపుకుని రంగు చూస్తుంది. రెండేసి బొమ్మలు కావాలి కనుక వేగం సెకనుకు 32. చిక్కల్లా కదిలే వస్తువులతోనే. ఎరుపు బొమ్మ నాటికి ఒకచోట ఉన్న కాలు ఆకుపచ్చ బొమ్మ నాటికి ఇంకోచోట ఉంటుంది, అంచుల్లో రంగులు చెదురుతాయి. శవయాత్ర నడకలో ఆ ఎడం మూడు సెంటీమీటర్లే. దౌడుతీసే గుర్రాల కంటే ఈ పద్ధతికి నెమ్మది ఊరేగింపు ఎంతో నప్పుతుంది.

మరుసటి ఏడు అర్బన్ తన కెమెరాలతో ఢిల్లీ వచ్చాడు. 1911 డిసెంబర్ 12న ఐదో జార్జి దర్బారు. అక్కడ హైదరాబాదుకు సంబంధించిన ఘట్టం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ ఆగస్టు 29న పోయాడు. తండ్రి పోయి నాలుగు నెలలైనా నిండని ఉస్మాన్ అలీ ఖాన్ సంస్థానాధీశుల్లో మొదటివాడుగా వచ్చి చక్రవర్తికి వందనం చేశాడు. తర్వాత బరోడా పాలకుడు మూడో శాయాజీరావు గాయక్వాడ్. ఆయన ముక్తసరిగా వంగి, వీపు తిప్పి వెళ్ళిపోయాడని పెద్ద గొడవ లేచింది. నలుపు తెలుపు వార్తా చిత్రాల్లో ఆ ఘట్టం ఉంది, లండన్ హాళ్ళలో జనం కళ్ళు పొడుచుకుని చూశారు. ఒక మనిషి మర్యాదకు ఫిలిం సాక్ష్యమయిన సందర్భమిది. ఒకటిన్నర రెట్ల వేగంతో ఆడిస్తే ఎవరి వందనమైనా ముక్తసరిగానే కనబడుతుంది. తీర్పు చెప్పేముందు వేగం అడగాలి. కైనెమాకలర్‌లో రెండున్నర గంటలపాటు చూపించిన దర్బారు చిత్రంలో చాలాభాగం పోయింది. కొద్ది నిమిషాల ముక్క 2000లో రష్యాలో బయటపడింది.

పోవడానికి కారణం ఫిలిం పదార్థమే. నైట్రేట్ ఫిలింలో ప్రాణవాయువు దాని అణువుల్లోనే ఉంటుంది. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. మెల్లగా పుచ్చి, జిగురై, పొడి అవుతుంది. బాగా పాడైన రీలు 41 డిగ్రీల వేడిలో చాలాకాలం పడి ఉంటే తనంతట తనే అంటుకోగలదు. మే నెల తుని ఎండలు తెలిసినవాళ్ళకు ఆ అంకె కొత్త కాదు. 2003 జనవరిలో పుణేలో లేచిన మంటల్లో మన జాతీయ ఫిలిం ఆర్కైవు నైట్రేట్ రీళ్ళు వేలకొద్దీ బూడిదయ్యాయి. పోయినవాటి వేగం సరిచేసే పని ఎవరికీ ఎప్పటికీ ఉండదు.

మిగిలినవాటికి ఇప్పుడు కంప్యూటరు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధపు ఫిలింలతో 2018లో పీటర్ జాక్సన్ తీసిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’లో ఒక్కో ముక్క వేగాన్నీ విడివిడిగా తేల్చారు. సెకనుకు 10 నుంచి 18 దాకా ఉన్నాయవి. మధ్యలో లేని బొమ్మలను కంప్యూటరుతో అల్లారు, రంగులద్దారు, పెదవుల కదలిక చదవగలిగేవాళ్ళతో మాటలు పట్టి గొంతులు చేర్చారు. ఆ సైనికులు పరుగులు మాని నడవగానే మనుషులయ్యారు. ఆ గొప్పతనంలో పెద్దపాలు రంగుది కాదు, వేగానిదని నా నమ్మకం. వేగం సరిచేయడమంటే రీలులో ఉన్న నిజాన్ని బయటికి తీయడం. అల్లిన బొమ్మ, అద్దిన రంగు, చేర్చిన చప్పుడు రీలులో లేనివి. వాటిని చేర్చవచ్చు, చేర్చామని చూసేవారికి చెప్పాలి, అసలు ప్రతిని ముట్టుకోకుండా దాచాలి.

మూగతనం వేరు, తొందర వేరు అన్నదీ గుర్తుంచుకోవాలి. 1967 ఫిబ్రవరి 24న ఉస్మాన్ అలీ ఖాన్ పోయారు. కింగ్ కోఠీ ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి పక్కన ఆయన్ని ఖననం చేశారు. ఆనాటి వార్తా కెమెరామెన్ భుజాన వేసుకుని తిరిగిన 16 మిల్లీమీటర్ల కెమెరాల్లో చాలావాటికి ధ్వని పట్టే ఏర్పాటు లేదు, కానీ స్ప్రింగు మీద సెకనుకు 24 బొమ్మలు నిలకడగా తీసేవి. అలాంటి కెమెరా తీసిన అంతిమయాత్ర మూగగా ఉంటుంది గాని పరుగెత్తదు. దాన్ని కూడా పాతది కదా అని నెమ్మదింపజేస్తే తప్పు రెండో వైపు జరుగుతుంది.

ఫోనులో పాత రాజుల ఊరేగింపు కనబడితే ముందు ఒక్కో బొమ్మే జరిపి చూడండి. ప్రతి మూడో బొమ్మా దాని ముందరిదాని నకలయితే, 16 బొమ్మలను 24గా సాగదీసి అప్పటికే సరిచేశారని అర్థం, ముట్టుకోకండి. నకళ్ళు లేకుండా అడుగులు టకటకమంటుంటే ఆడే వేగాన్ని 0.65కి దించండి. ఇంట్లో అటక మీద ఎనిమిది మిల్లీమీటర్ల రీళ్ళున్నవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తపడాలి. పాతరకం ఎనిమిది మిల్లీమీటర్ల ఫిలిం సెకనుకు 16 బొమ్మలది, 1965లో వచ్చిన సూపర్ ఎయిట్ సెకనుకు 18ది. స్కాన్ చేసేవాళ్ళు చాలాసార్లు అడగకుండానే 25 చొప్పున ఎక్కించి ఇస్తారు. అప్పుడు తాతగారి పెళ్ళి ఊరేగింపయినా, నాయనమ్మ చివరి ప్రయాణమయినా దాదాపు ఒకటిన్నర రెట్లు పరుగెడుతుంది. రీలు ఇచ్చేటప్పుడే ఏ రకమో చెప్పి, బొమ్మకు ఒక బొమ్మ చొప్పున, నకళ్ళు కలపకుండా స్కాన్ చేయమని, అసలు వేగంతో ఆడే ప్రతి ఇంకొకటి విడిగా ఇవ్వమని కాగితం మీద రాసి ఇవ్వండి.